ఎరుపు పండిన నీళ్లు

మా అమ్మ ముప్పయ్యయిదేళ్లుగా అబద్ధం చెబుతోందని యంత్రం చెప్పింది. ఆ యంత్రం కట్టింది నేనే కాబట్టి దాన్ని తిట్టడానికి కూడా వీల్లేకపోయింది.

దాని పేరు నీటిజాడ. ల్యాబులో అందరం జాడ అంటాం. కుట్టుమిషనంత ఉంటుంది. సూది ఉండాల్సిన చోట సన్నటి వెలుగు దిగుతుంది. ఆ వెలుగు కింద అద్దకం గుడ్డ పెడితే, దాన్ని ఏ నీళ్లలో ఉతికి ఉడికించారో చెబుతుంది. అవి నేలమీద పారిన నీళ్లా, భూమిలోంచి తోడినవా, తోడినవైతే ఎన్నడుగుల లోతువి అన్నదీ చెబుతుంది. కిటుకంతా పటికలో ఉంది. మా వైపు అద్దకంలో ఎరుపు కావాల్సిన చోట ముందు పటిక నీళ్లతో గీస్తారు. తర్వాత గుడ్డని మంజిష్ఠ వేరుతో ఉడికిస్తే, పటిక ఉన్నచోటే రంగు నిలుస్తుంది. పటిక రంగుని పట్టుకునేటప్పుడు నీళ్లలోని ఉప్పులను కూడా పిసరంత పిసరంత పట్టుకుంటుంది. నూరేళ్లయినా వదలదు.

ఏ ఏట ఏ నదిలో ఎంత నీరు పారిందో రాసిపెట్టిన కాగితాలు మన దగ్గర తక్కువ. పాత గుడ్డలు మాత్రం పెట్టెల నిండా ఉన్నాయి. వాటిని చదివి నదుల చరిత్ర రాద్దామని నేనూ, మా ల్యాబులో రసాయనాలు చూసే ఇందుమతీ ఆరేళ్లు తంటాలు పడ్డాం. అప్పుడే మొగిలేటి ఉత్సవం కబురు వచ్చింది. మొగిలేరు మా ఊరి ఏరు. ఊరి పేరు ఏటిమిట్ట. మూడు రోజుల ఉత్సవంలో కోలాటం, తోలుబొమ్మలాట, చేతిపనుల దుకాణాలు, పర్యావరణ మార్పు మీద ప్రదర్శన అన్నీ ఉంటాయట. అందులో తొంభై ఏళ్ల ఏటిమిట్ట అద్దకాలను, ఏడాదికొకటి చొప్పున, ఎండిన ఏటి ఇసుకలో వరసగా వేలాడదీస్తారు. పక్కన జాడ ఒక్కో గుడ్డనీ చదివి ఏటి నీళ్ల కథ చెబుతుంది. కమిటీ అధికారి దొరస్వామి గారు ఫోన్లో, "మీ ఊరు, మీ అమ్మగారు, మీ యంత్రం! ఇంతకంటే కలిసొచ్చేదేముందమ్మా?" అన్నారు. కలిసి రావడమంటే ఏమిటో తర్వాత తెలిసింది.

మ్యూజియంలవి, గుడి భోషాణాలవి, మా ఇంటి పెట్టెలోవి కలిపి తొంభై గుడ్డలు ల్యాబుకి వచ్చాయి. మొదటి యాభై అయిదు గుడ్డలూ పారే నీళ్లవే. యాభై ఆరో దాని దగ్గర అంకె మారింది. భూగర్భ జలం, మూడువందల ఇరవై అడుగులు. ఆ తర్వాతవి నాలుగువందలు, ఆరువందలు. పదకొండేళ్ల కిందట మా అమ్మ మునెమ్మకి ఢిల్లీలో సన్మానం తెచ్చిన పట్టాభిషేకం గుడ్డ ఎనిమిదివందల ఎనభై అడుగులు.

ఏటిమిట్ట గుడ్డ మీద ఏటి ముద్ర అని ఒక గుర్తు వేస్తారు. పారే ఏటి నీళ్లలో ఉతికిందని దాని అర్థం. ఏరు ఎండిపోయినా రేవు రాళ్ల సందులోంచి ఊట వస్తోందని, ఆ ఊటలోనే ఉతుకుతున్నామని మా వీధి పన్నెండిళ్ల వాళ్లూ చెబుతారు. చూడవచ్చినవాళ్లు ఆ ఊటకి దండం పెట్టి ఫోటోలు తీసుకుంటారు. నేనూ నమ్మాను. కన్నతల్లి మాటకి రుజువు అడుగుతామా?

"యంత్రం తప్పయ్యుంటుంది" అన్నాను. ఇందుమతి మూడుసార్లు సరిచూసింది. నాలుగోసారి చూడమంటే చూడలేదు. దాని బదులు కంప్యూటర్ నావైపు తిప్పింది.

"లోతు సంగతి వదిలెయ్ వల్లీ. ఇది చూడు. ఇది ఎరుపు ముదురు గీత. ఇది ఫ్లోరైడ్ గీత. రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు క్షారమవుతున్నాయి. ఆ క్షారమే మంజిష్ఠని ముదురు చేస్తోంది. మీ అమ్మగారి సన్మానం గుడ్డ ఉడికిన నీళ్లలో లీటరుకి తొమ్మిది మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది."

తాగే నీళ్లలో ఒకటిన్నర దాటకూడదని నాకు తెలుసు. అయినా ఆ పూటంతా నేను ఆలోచించింది ఏటి ముద్ర గురించే. అమ్మ పరువు, పన్నెండిళ్ల బతుకు, ఉత్సవంలో నా మొహం. మర్నాడు ఊరికి వెళ్లే బస్సులో, కిటికీ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటుంటే, మా వీధి మాట ఒకటి గుర్తొచ్చింది. చేతిలో కాయలు అక్కడే పడేశాను.

ముందు గుడ్డ తాగాలి, తర్వాత మనిషి తాగాలి.

ఇది మా వీధి ఆచారం. కొత్త బావి తవ్వినా, కొత్త కుంట నిండినా ఆ నీళ్లు ముందు నోట్లో పోసుకోరు. పటిక రాసిన జానెడు గుడ్డముక్కని ఆ నీళ్లలో మంజిష్ఠతో ఉడికిస్తారు. ఎరుపు పండితే అవి తాగే నీళ్లు. పండకపోతే గొడ్లకి. ఏరు పారిన రోజుల్లో ఇది మంచి పద్ధతే. బురద నీళ్లలో, మురుగు నీళ్లలో ఎరుపు పండదు. తరతరాలు ఆ పరీక్షే మా వాళ్లని కాపాడింది. కాపాడినదాన్ని ఎవరు అనుమానిస్తారు?

నేను వెళ్లేసరికి అమ్మ రేవులో ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, వంగిన నడుముతో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి గుడ్డని అటూ ఇటూ ఆడిస్తోంది. రాళ్ల సందులోంచి ఊట బొళబొళా వస్తోంది.

"మోటారు ఎన్ని హార్సుపవర్‌దమ్మా?" అన్నాను.

గుడ్డ ఆడించడం ఆగింది. నా మొహంలోకి చూసింది. "నీ మిషను చెప్పేసిందా?" అంది.

"చెప్పింది."

"చెప్తుందనే అనుకున్నా. నీ చేత్తో చేసింది గదా, నీ మాదిరే నోరాగదు." మళ్లీ గుడ్డ ఆడించడం మొదలుపెట్టింది. "ఏరు మూడేండ్లుగా సన్నబడి ఆఖరికి ఎండిపోయింది. నన్నేం చేయమంటావు? ఏటిని పుట్టించేదానికి నేనేమన్నా గంగమ్మనా? మూడు బోర్లు ఏసినారు. మూడింటి నీళ్లూ నేనే రుచి చూసినా, నేనే గుడ్డకి తాపినా. మూడోదాంట్లో పండింది చూడు ఎరుపు, మా అత్త కూడా అంత ఎరుపు ఎరగదు. అదే మన నీళ్లన్నా. పైపు మన్నులో పూడ్సి రేవు దాకా తెచ్చినారు. ముద్ర పోతే పన్నెండిండ్లు ఏం తినాల?"

ఆ మాటల్లో తప్పు చేశానన్న జంకు కాదు, గర్వం వినిపించింది. మూడింట్లో సరైనదాన్ని ఏరిన మనిషి గర్వం. కాగితాల మీద ఆ బోరు లేదు. లేని బోరు నీళ్లని ఏ ఆఫీసు పరీక్షిస్తుంది? నీళ్లు కిందికి దిగినప్పుడల్లా పైపులు కూడా దిగాయి.

"తాగేదీ ఇవేనా?"

"మరి? ఊళ్లో ఆ మిషను నీళ్ల కేంద్రం పెట్టినారులే. క్యాన్లలో పోసిస్తారు. ఒకసారి గుడ్డకి తాపి చూసినా. పాలిపోయింది. ఎరుపు పండని నీళ్లు కడుపులో ఏం పండిస్తాయి? సచ్చిన నీళ్లు."

ఇంటికి వెళ్లాం. వసారాలో మా తమ్ముడు షణ్ముగం కలం పట్టుకుని రాముడి కిరీటం గీస్తున్నాడు. వాడికి నలభై ఒకటి. మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. నన్ను చూసి ఒళ్లంతా తిప్పి నవ్వాడు. మా వీధిలో నలభై దాటినవాళ్ల నడుములన్నీ అలాంటివే. దానికి కలం నడుమని పేరు కూడా ఉంది. రోజంతా వంగి గీస్తారు కాబట్టి వంగిపోతుందని అందరం అనుకున్నాం. నడుము వంగనివాడు పనిదొంగ అని వేళాకోళం చేసేవాళ్లం. డాక్టరేట్ ఉన్న నేను కూడా.

వాడి కూతురు పొన్ని పరుగెత్తుకొచ్చింది. ఏడేళ్లు. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయని చూపించడానికి నోరు ఇంత తెరిచింది. ముందు పళ్లు రెండింటి మీదా గోధుమరంగు చారలు.

"చింతకాయలు నములుతా ఉంటాది, అందుకే" అంది అమ్మ.

ఆ చారలకి అర్థం ఏమిటో జిల్లాలో ఏ బడిపంతుల్ని అడిగినా చెబుతాడు. మా వీధిలో మాత్రం ఎవరికీ తెలియదు. మావి ఎరుపు పండిన నీళ్లు కదా, మాకెందుకు వస్తుంది?

కుండలోంచి ఒక సీసా నీళ్లు పట్టుకుని ల్యాబుకి తిరిగొచ్చాను. ఇందుమతి చూసింది. లీటరుకి తొమ్మిదీ పాయింట్ నాలుగు. షణ్ముగం పాత ఎక్స్‌రేలు తనకి తెలిసిన డాక్టరుకి పంపింది. అరగంటలో జవాబొచ్చింది. పనివల్ల వచ్చిన వంకర కాదు, చిన్నప్పటినుంచి తాగిన నీళ్ల వల్ల. ఇక సరికాదు. పాపకి ఇంకా సమయం ఉంది, నీళ్లు ఇవాళే మార్చండి.

ముందు తమ్ముడికి చెప్పాను. మళ్లీ ఊరెళ్లి, అమ్మ రేవుకి వెళ్లిన వేళ చూసి చెప్పాను. వాడు కలం కింద పెట్టలేదు. కిరీటంలో మూడు రాళ్లు గీసి ఆపాడు.

"నా కాళ్ల సంగతి వదిలెయ్ అక్కా. పొన్నికి నీళ్లు మార్పించు. అమ్మకి మాత్రం కారణం చెప్పొద్దు."

"చెప్పకుండా ఎలా మారుస్తామురా?"

"ఏదో ఒకటి చెప్పు. ఆ నీళ్లు ఏరింది ఆమె. నా కాళ్లకి నూనె పెట్టి పిసికేది ఆమె. ముప్పై ఏండ్లుగా దినామూ పిసుకుతా ఉంది. ఈ రెండూ ఒకటేనని ఆమెకి ఎట్ల చెప్తావు?"

నేను టాబ్లెట్ తీసి తొంభై గుడ్డల ఎరుపు గీత చూపించాను. మొదటి యాభై అయిదూ పాలిపోయినట్టు ఉంటాయి. పాతబడి వెలిశాయని నేను లెక్కలో దానికి సవరణ కూడా వేశాను. వాడు వేలితో ఆ గీత తడిమాడు.

"ఎందుకు సవరించినావు? మంజిష్ఠ వెలిసేది కాదక్కా. గుడ్డ చినుగుతాదే గాని ఎరుపు పోదు. అవ్వ కాలంలో ఎరుపే అంత."

ఆరేళ్ల పరిశోధనలో నాకు తట్టనిది, వంగిన మెడతో ఒక్క చూపులో చెప్పాడు. సవరణ తీసేసి చూశాను. వాడు చెప్పిందే నిజం. ఏటి ఎరుపు లేత ఇటుకరంగు. ఏటిమిట్ట ఎరుపని దేశమంతా మెచ్చుకున్నది బోరు ఎరుపు.

వాడి మాట ప్రకారం అమ్మకి కారణం చెప్పకుండానే ప్రయత్నించాం. వాడి భార్య కస్తూరి సైకిల్ మీద రెండు క్యాన్లు తెచ్చి, "డాక్టరు పాపకి ఇవే తాపమన్నాడత్తా" అంది. అమ్మ చెంబుడు నీళ్లు వంచుకుంది. జానెడు గుడ్డ తీసింది. ఉడికించింది. లేత ఇటుకరంగులో తేలిన ముక్కని కస్తూరి మొహం ముందు ఆడించి, రెండు క్యాన్లూ బెండ మొక్కలకి పోసేసింది.

"నా మనవరాలికి సచ్చిన నీళ్లు తాపే డాక్టరు ఎవుడో ఆణ్ణి నా దగ్గరికి తీసకరా" అంది.

ఇంకో వారంలో ఉత్సవం. పొన్ని రోజుకి ఆరేడు గ్లాసులు తాగుతుంది. ఇక చెప్పక తప్పలేదు. అమ్మకి చదువు రాదు, నా అంకెలు ఎక్కవు. ఎక్కేది గుడ్డ ఒక్కటే.

ల్యాబులో ఏడు రకాల నీళ్లు కలిపాం. ఒకదానికంటే ఒకదాంట్లో ఫ్లోరైడ్, క్షారం ఎక్కువ. ఏడు ముక్కలు ఉడికించి, వెనక నంబర్లు రాసి తీసుకెళ్లాను. అమ్మ ముందు చాప మీద కలగాపులగంగా పోశాను.

"మంచి నీళ్లనుంచి చెడ్డ నీళ్ల దాకా పేర్చు."

"ఇదేం ఆటే?" అంటూనే కూర్చుంది. నిమిషం పట్టలేదు. ముదురు నుంచి లేతకి, ఒక్కటి కూడా తప్పకుండా పేర్చింది. మా ల్యాబు కెమెరా ఈ పనికి అరగంట తీసుకుని రెండు తప్పులు చేసింది.

మంచిదని ఆమె మొదట పెట్టిన ముక్కని చేతిలోకి తీసుకుని, "ఇది మన కుండ నీళ్లతో సమానం" అన్నాను. సంతోషపడింది. "దీంట్లో విషం అన్నిటికంటే ఎక్కువ" అన్నాను. చివరి ముక్క తీసి, "ఇది ఏటి నీళ్లతో సమానం. దీంట్లో లేదు" అన్నాను. తర్వాత ఆగకుండా మిగతాదంతా చెప్పేశాను. ఆగితే మళ్లీ చెప్పలేనని భయం.

"కలం నడుమే అది" అంది అమ్మ. "పని వల్ల వస్తాది."

"నాయన కలం పట్టలేదా? ఆయన నడుము వంగిందా? అవ్వ ఎనభై ఏళ్లు బతికింది కదా. ఆమెది? ఇద్దరూ ఏటి నీళ్లు తాగినవాళ్లే."

అమ్మ నా చేతిలోంచి లేత ముక్క తీసుకుని, "మీ అవ్వ డెబ్బై ఏండ్లప్పుడు చెట్టెక్కి చింతకాయ రాల్చింది" అంది. అంతే. ఏడు ముక్కలూ ఏరి కొంగులో కట్టుకుని లేచి, పొయ్యి మీద అన్నం చూసింది. ఆ రోజు, మర్నాడు, ఆ తర్వాత రోజు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. షణ్ముగం కాళ్లకి నూనె మాత్రం పెట్టింది, ఎప్పటికంటే ఎక్కువసేపు. వాడు వద్దనలేదు. కుండ నీళ్లు పారబోసిందో లేదో నాకు తెలియలేదు. కస్తూరి మాత్రం, "క్యాను వసారాలో పెట్టినా ఏమీ అనలేదు వదినా" అంది.

ఈలోగా దొరస్వామి గారితో నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. అంకెలు చూపిస్తే ఆయన కుర్చీలో కూలబడ్డారు. చెడ్డమనిషి కాదు. బీపీ ఉన్న మంచిమనిషి.

"అమ్మా, ముఖ్య అతిథి వస్తున్నారు. ముద్ర పోతే మీ వీధి పోతుంది. ఒక్క మూడు రోజులు ఆ చివరి ముప్పయ్యయిదూ చదవకండి. మొదటి యాభై అయిదుకే ఏరు పారిన కాలమని బోర్డు పెడదాం. ఉత్సవం అయ్యాక బోరు సంగతి మీరు ఏం చేసినా నేను అడ్డురాను."

ఒప్పుకున్నాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. పొన్ని నీళ్లు మారితే చాలు, మిగతావి మెల్లగా చూసుకోవచ్చని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మిగతా పదకొండిళ్లలో పిల్లలెంతమందో నేను లెక్కపెట్టలేదు.

ఉత్సవం బాగానే మొదలైంది. ఏటి ఇసుకలో షామియానాలు, చెక్కభజన, వెదురు బుట్టలు, తోలుబొమ్మల కోసం ముందు వరసలో పిల్లలు. పర్యావరణ మార్పు స్టాల్‌లో థర్మోకోల్‌తో పెద్ద మంచుకొండ కట్టారు. అది కరిగిపోతోందని ఒక ఎలుగుబంటి బొమ్మ ఏడుస్తూ ఉంటుంది. మా వాళ్లెవరూ మంచుకొండని చూసి ఎరగరు. ఏరు ఎండటం మాత్రం కళ్లారా చూశారు. ఆ ఎండిన ఏట్లోనే స్టాల్ పెట్టి, దాని గురించి ఒక్క అట్టముక్క కూడా పెట్టలేదు.

రెండోరోజు ఉదయం అద్దకం ప్రదర్శన. తొంభై గుడ్డలు తాళ్ల మీద వరసగా ఊగుతున్నాయి. ముందు పొయ్యి, రాగి బాన. ముఖ్య అతిథి, విలేకరులు, పన్నెండిళ్ల వాళ్లు అందరూ ఉన్నారు. పైపు ఊట దగ్గర నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి పెట్టారు. అమ్మ వచ్చి బిందెలు చూసింది.

"ఇవొద్దు. కస్తూరీ, క్యాన్లు ఎత్తుకురా" అంది.

దొరస్వామి గారు నావైపు చూశారు. నాకేమీ తెలియదని చెయ్యి ఊపాను. నిజంగానే తెలియదు.

క్యాన్ నీళ్లు బానలో పోసింది. మంజిష్ఠ వేసింది. పటికతో గీసిన గుడ్డ దించి కట్టెతో కలుపుతూ కూర్చుంది. ముప్పావుగంట. మైకులో ఎవరో ఏటిమిట్ట ఎరుపు గొప్పతనం గురించి చెబుతూనే ఉన్నాడు. గుడ్డ పైకి తీసేసరికి మైకు కూడా ఆగింది. లేత ఇటుకరంగు.

ముఖ్య అతిథి మర్యాదగా, "ఏమ్మా, ఈసారి సరిగా పండలేదా?" అన్నారు.

"పండింది సామీ. ఇదే పండేది."

తడిగుడ్డ చేతుల మీద వేసుకుని వరస వెంట నడిచింది. తన సన్మానం గుడ్డని దాటింది, ఆగలేదు. మిగతా ముప్పై నాలుగు ముదురెరుపు గుడ్డలూ దాటి, అవ్వ చేసిన దానిపక్కన నిలబడి తడిగుడ్డని ఆనించి పట్టుకుంది. రెండూ ఒకటే రంగు. ఎవరికీ వేరే చెప్పాల్సిన పని లేదు, అక్కడున్నవాళ్లలో సగం మంది రంగులవాళ్లే.

"ఏరు పారినప్పుడు ఎరుపు ఇంతే. ఆ పక్క ఉండేదంతా ఏటిది కాదు, బోరుది. రేవులో వచ్చేది ఊట కాదు, మోటారు. ఆ నీళ్లు ఏరింది నేను. బాగుండాయని మీకందరికీ తాపింది నేను. వల్లీ, నీ మిషను ఇట్ల తే."

తీసుకెళ్లాను. అమ్మ తన పట్టాభిషేకం గుడ్డ తానే తాడు మీద నుంచి దించి వెలుగు కింద పెట్టింది. "ఏం రాసుండాదో చదువు. గట్టిగా చదువు. నాకు చదువు రాదు."

చదివాను. ఎనిమిదివందల ఎనభై అడుగులు. ఫ్లోరైడ్ తొమ్మిది.

మా ఎదురింటి గోవిందమ్మ లేచి అరిచింది. "మునెక్కా, నీకేమన్నా పిచ్చా! ముద్ర పోతే ఎట్ల బతికేది? ఇంట్లో చెప్పుకోకూడదా ఈ మాట?"

"ఇంట్లో చెప్తే నువ్వు గుడ్డకి తాపి చూస్తావు గోవిందా. పాలిపోయిందని పారబోస్తావు. నేనూ పారబోసినా." అమ్మ గొంతు మామూలుగానే ఉంది. "నీ మనవడి నోరు తెరిపించి ఈ సామికి పండ్లు చూపించు. చింతకాయ వల్లే వచ్చిందంటే నేను నోరు మూసుకుంటా."

గోవిందమ్మ మనవడి నోరు తెరిపించలేదు. వాడి తలని కొంగుకి అదుముకుని కూర్చుండిపోయింది.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. ఏటి ముద్ర ఆపేశారు. పన్నెండిళ్లలో అయిదిళ్లవాళ్లు మాతో మాట్లాడటం మానేశారు. రెండిళ్లవాళ్లు కలం వదిలి టౌన్‌కి పనికి వెళ్తున్నారు. దొరస్వామి గారు సెలవు పెట్టారు. బోరుకి సీలు వేశారు. డాక్టర్లు వచ్చి పద్నాలుగు మంది పిల్లల్ని చూశారు. తొమ్మిది మంది పళ్ల మీద చారలున్నాయి, ఇద్దరి మోకాళ్లలో వంకర మొదలైంది. మొదలైంది కాబట్టి ఆపొచ్చు అన్నారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇప్పుడు పాత చీరలు, దుప్పట్లు మూటగట్టుకుని జాడ దగ్గరికి వస్తున్నారు. నది చరిత్ర రాద్దామనుకున్న యంత్రం ఇళ్ల చరిత్రలు చదువుతోంది. ఇందుమతి రోజుకి పదిహేను మందికంటే తీసుకోలేకపోతోంది. మూట తెచ్చిన ప్రతివాళ్లూ ఒకే మాట అడుగుతారు, ఎన్నేళ్ల నుంచని. చెప్పడం నాకు చేతకావడం లేదు. ఇందుమతే చెబుతుంది.

నెల తర్వాత ఒక ఆదివారం ఊరికి వెళ్లాను. అమ్మ లేత ఇటుకరంగులో కొత్త గుడ్డ ఆరేస్తోంది. కొనేవాళ్లు లేరు, అయినా చేస్తోంది. పక్కన కూర్చున్నాను. పొన్ని కోసం కొత్త బ్రష్ తెచ్చానని, డాక్టరు మళ్లీ వస్తాడని అవీ ఇవీ చెప్పాను. ఆమె విన్నట్టు లేదు.

"నీకు పదకొండేండ్లప్పుడు పటిక కుండ తన్నేసినావు, గుర్తుండాదా?" అంది.

గుర్తుంది. గుడ్డ మొత్తం పాడైంది. ఆ ఏడే నన్ను హాస్టల్లో వేశారు. అది బోరు వేసిన ఏడు.

"నీ చెయ్యి మంచిది కాదని పంపించేసినా. వాడి చెయ్యి బంగారమని దగ్గర పెట్టుకున్నా."

నా కాళ్లు తిన్నగా ముందుకి చాపుకుని కూర్చుని ఉన్నాను. మెల్లగా ముడుచుకున్నాను. కావాలని చేసింది కాదు కదమ్మా అన్నాను. ఆ మాట ఎంత చప్పగా ఉందో నాకే తెలిసింది.

వసారాలోంచి షణ్ముగం, "అమ్మా, రోంత నీళ్లియ్యి" అన్నాడు.

అమ్మ లేచింది. క్యాన్ వంచి చెంబులో పట్టింది. అలవాటు ప్రకారం ముందు తను ఒక గుక్క నోట్లో పోసుకుని నాలుక మీద ఆడించింది. మింగింది. గడపలో ఆగిపోయింది. వెనక్కి తిరిగి చెంబు నావైపు చాపింది.

"బాగుండాయా?" అంది.

ఊరంతటికీ నీళ్లు ఏరిన మనిషి. నీళ్ల సంగతి ఇంకొకరిని అడగడం నేనెప్పుడూ చూడలేదు. చెంబు తీసుకుని ఒక గుక్క తాగాను.

"బాగున్నాయమ్మా."

"నాకు తెలియడంలా" అంది. చెంబు తీసుకుని లోపలికి వెళ్లి వాడికిచ్చింది. వాడు తాగినంతసేపూ అక్కడే నిలబడి చూసింది.